జాలెడేగయు బైరిడేగయు

శిబిచక్రవర్తి తొడ కోసి త్రాసులో వైచిన కథను పిల్లలకుఁ జెప్పని యిల్లు మన దేశమున అరుదు. పావురము ప్రాణభయమున రాజు నొడిలో వ్రాలెను. వెంటఁ దఱిమినది డేగ. అక్కడినుండి కథ ధర్మవిచారమునకుఁ బోవును గాని, ఆ డేగ యే డేగ యని యడుగువారు లేరు. సంస్కృతమున దానికి శ్యేనమని పేరు. అమరసింహుఁడు శశాదనము, పత్రి యని మఱి రెండు పేర్లు చెప్పెను. కుందేళ్లను దినునది, రెక్కలు గలది యని వాని యర్థము. ఋగ్వేదమున సోమమును గొనివచ్చినది శ్యేనమే. యజ్ఞవేదికను శ్యేనాకృతిగా నిటుకలతోఁ బేర్చు విధానమును శుల్బసూత్రములు వివరించుచున్నవి. ఇంతటి గౌరవమందిన శ్యేన మొక్క పక్షియా, పెక్కు పక్షులా యని మా గురువులు మమ్మడుగలేదు. మేమును మా శిష్యుల నడుగలేదు.

అడిగినది ఒక్కమాఱు. అప్పుడును దప్పు మాదే యయ్యెను. కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో, చెఱువుగట్టునఁ గనఁబడు పక్షులను వర్గములుగా విభజించి వ్రాయుఁడని పిల్లలకుఁ జెప్పితిమి. అందఱును కొంగల నొకచోట, బాతుల నొకచోట, డేగలను గ్రద్దలను వేఱొకచోట వ్రాసిరి. పక్షులను బట్టి బ్రదుకు ఇంటినుండి వచ్చిన యొక బాలుఁడు మాత్రము జాలెడేగను గ్రద్దలతోఁ జేర్చి, దాని క్రింద గీఁత గీసి, ఆ గీఁతకు దిగువను బైరిడేగను తొండలగద్దను వ్రాసెను. డేగ యను పేరు రెంటికి నుండఁగా విడదీయుట యేల యని మేము ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేసి రెండు మార్కులు తగ్గించితిమి. వాఁడు లేచి, "దాని కన్ను నలుపండీ, మేష్టారూ" అనెను. కన్ను నలుపైనంత మాత్రమునఁ బక్షి వేఱగునా యని మేము నవ్వితిమి; తరగతి యంతయు నవ్వెను.

ఆ నవ్వు తప్పని తెలియుటకు మాకుఁ జాలకాలము పట్టినది. మేము చేసిన పొరపాటునే పండితలోకము రెండువందల యేఁబది యేండ్లు చేసినదని తెలిసినపుడు కొంత యూఱట కలిగినమాట నిజము. కాని యా పండితుల యెదుట ఈ బాలుఁడు లేచి నిలువలేదు. మా యెదుట నిలిచెను.

ముందీ రెండు పక్షులను జదువరులకుఁ బరిచయము చేయవలెను. జాలెడేగ మన యూళ్లలో నేఁడాది పొడుగున నుండునది. హిందూస్థానీలో దీనిని శిక్రా యందురు. పావురమంత పక్షి, వీఁపు బూడిదవర్ణము, ఱొమ్మున గోధుమరంగు అడ్డుచాఱలు, పొట్టియై కొనలు గుండ్రనైన రెక్కలు, పొడవైన తోఁక. మామిడితోపులలో ఆకులచాటునఁ గూర్చుండి, తొండయో యుడుతయో చిన్నపిట్టయో కదలినంతనే రివ్వున వచ్చి కాళ్లతోఁ బట్టుకొని పోవును. పొట్టి రెక్కలును పొడుగు తోఁకయు నుండుటచేతనే కొమ్మల సందులలో నిట్టట్టు మరలఁగలుగును. చెట్లమీఁదఁ బుల్లలతో గూడు తానే కట్టుకొనును. పిల్లకు కన్ను పసుపుగా నుండును. వయసు వచ్చిన మగపక్షి కన్ను ఎఱ్ఱనగును.

బైరిడేగ వలసపక్షి. ఆసియాఖండపు టుత్తరపుఁ గొనలనుండి శీతకాలమున బాతులతోఁ బాటు దిగి, పెద్దచెఱువుల యొడ్డునను సముద్రతీరమునను తిరిగి, ఎండలు ముదురక మునుపే వెడలిపోవును. దీని రెక్కలు పొడవైనవి, మొనదేఱినవి. చెంపలపై మీసములవంటి నల్లని చాఱ లుండును. కన్ను చూపునకు నల్లన. ఇది చెట్లచాటున దాఁగదు. ఆకసమున మిక్కిలి యెత్తునకు లేచి, క్రింద నెగురు బాతునో పావురమునో గుఱిపెట్టి, రెక్కలు ముడిచి రాయివలెఁ బడును. ఆ పడుటలో దాని వేగము గంటకు 300 కిలోమీటర్లను మించును. గూడు కట్టుట దీనికిఁ దెలియదు. కొండచఱియల యంచులలో గులకరాల నడుమ గుంట చేసికొని గ్రుడ్లు పెట్టును. బైరి మగపక్షికంటె ఆఁడుపక్షి పెద్దది, జాలెడేగలోను అంతే. ఈ సామ్యమును బట్టి రెంటిని ఒకే వంశమువానిగాఁ దలఁచుటకు మనస్సు పోవును.

రెండును వేఁటపక్షులే. రెంటికిని వంకరముక్కు, వాడిగోళ్లు. అందుచేతఁ దెలుఁగువారు రెంటికిని డేగ యని ఒకే పేరు పెట్టిరి. పేరు పెట్టుట తప్పు కాదు. విజయనగరము నేలిన సాళువవారి పేరును వేఁటడేగ పేరే; సాళువ నరసింహరాయలు 1485లో సింహాసనము నెక్కునప్పటికి డేగవేఁట మన ప్రభువులకుఁ బరిచితమైన వినోదము. తరువాత 19వ శతాబ్దమున నెల్లూరిలో సివిల్ సర్జనుగా నుండిన జర్డన్ అను వైద్యుఁడు, 1862 మొదలు 1864 వఱకు వెలువడిన తన భారతపక్షుల గ్రంథములో, దొరికినంతవఱకు తెలుఁగుపేర్లను గూడ వ్రాసి యుంచెను. మన నిఘంటువులలో డేగకు "పక్షివిశేషము" అని యొక్కమాట చెప్పి యూరకుండుట పరిపాటి. ఆ దొర వేఁటకాండ్రయొద్దఁ గూర్చుండి వ్రాసికొన్నది మన పండితులు తమ వాకిటనున్నను వ్రాసికొనలేదు.

ఇఁక శాస్త్రవర్గీకరణమునకు వత్తము. స్వీడనుదేశపు లిన్నేయస్ 1758లో తన ప్రకృతివ్యవస్థా గ్రంథము పదియవ కూర్పును బ్రకటించెను. సర్వజంతువులకును రెండేసి లాటిను పేర్లు పెట్టు పద్ధతి అందే స్థిరపడెను. మొదటిపేరు మన యింటిపేరు వంటిది, రెండవది వ్యక్తి పేరు వంటిది. పక్షులను అతఁ డాఱు గణములుగా విభజించి, వేఁటపక్షుల గణమును మొట్టమొదట నిలిపెను. అందు రాబందులు, డేగలు, గుడ్లగూబలు నుండెను. మిడుతలను బట్టి ముళ్లకు గ్రుచ్చి దాఁచుకొను లానియస్ అను చిన్నపిట్టను గూడ, ముక్కు వంకర యనియు మాంసము తినుననియు, ఆ గణముననే చేర్చెను. గరుడపక్షులు, గ్రద్దలు, డేగలు అన్నింటికిని ఫాల్కో అను ఒక్కటే యింటిపేరు. చిలుకను మాత్రము కాకులతోను వడ్రంగిపిట్టలతోను వేఱొక గణమున నుంచెను. ఈ సంగతి చదువరులు మనస్సున నుంచుకొందురు గాక.

బైరికి 1771లో టన్‌స్టల్ అను ఆంగ్లేయుఁడు ఫాల్కో పెరిగ్రినస్ అని పేరు పెట్టెను. దేశసంచారి యని దాని భావము. జాలెడేగకు 1788లో గ్మేలిన్ అను జర్మనుపండితుఁడు సింహళమునుండి తెలియవచ్చిన పక్షినిఁ బట్టి ఫాల్కో బాడియస్ అని పేరు పెట్టెను. ఈ విధముగా రెండును ఒకే యింటివయ్యెను. తరువాత జాలెడేగ ఆక్సిపిటర్ అను వేఱింటికిఁ బోయినది, కుటుంబములును రెండయ్యెను. గుడ్లగూబలను లానియస్ పిట్టను ఆ గణమునుండి తీసివేసిరి. అయినను డేగలును బైరులును గణమొక్కటే యన్న మాట 20వ శతాబ్దము కడవఱకు చెక్కుచెదరలేదు. 1867లో హక్స్‌లీ పక్షుల యంగుటి యెముకలను బరీక్షించి కొత్త వర్గీకరణము చేసినపుడును వేఁటపక్షు లొక్కచోటనే నిలిచెను. 1990లో సిబ్లీ, ఆల్‌క్విస్ట్ అను అమెరికనులు పక్షుల జన్యుద్రవ్యమును గలిపి వేఁడిచేసి చూచు పద్ధతితో మహాగ్రంథమును బ్రకటించిరి; అందును ఈ రెండు ఇరుగుపొరుగుననే యుండెను.

ఈ పండితులందఱును పుట్టక మునుపే వీనిని విడదీసినవా రుండిరి. వారు చనిపోయిన పక్షిని బల్లమీఁదఁ బెట్టి కొలిచినవారు కారు. బ్రదికియున్న పక్షిని ముంజేతిపై నుంచుకొని రాత్రులు మేల్కొన్నవారు. కూర్మాచలమునకు, అనఁగా నేఁటి కుమాయూనునకు, ప్రభువైన రుద్రదేవుఁడు సంస్కృతమున శ్యైనికశాస్త్రము అను గ్రంథమును వ్రాసెను. 16వ శతాబ్దమునాఁటిదని పండితుల నిర్ణయము. మహామహోపాధ్యాయ హరప్రసాద శాస్త్రిగారు దీనిని 1910లో ఆంగ్లానువాదముతోఁ గలకత్తాలోఁ బ్రకటించిరి. ఇందు వేఁటడేగలు కృష్ణాక్షములు, పాటలాక్షములు అని రెండు తెగలుగాఁ జెప్పఁబడినవి. నల్లకన్నువి యొకతెగ, లేయెఱుపు కన్నువి మఱియొకతెగ. సంస్కృతము చదివితి మను అభిమానము గల మేము ఈ గ్రంథమును నలువదియేండ్లు దాఁటినపిదపఁ జూచితిమి. ఆ రెండు పదములు చదివినపుడు మాకు రుద్రదేవుఁడు తలఁపునకు రాలేదు. తరగతిలో లేచి నిలిచిన బాలుఁడు వచ్చెను.

ఇది రుద్రదేవుఁడు కల్పించినది కాదు. హిందూస్థానమున డేగలవారు గులాబ్‌చష్మ్, సియాహ్‌చష్మ్ అని ఇదే విభాగమును జెప్పెడువారు. గులాబికన్ను, నల్లకన్ను అని దాని యర్థము. పారసీకమున 19వ శతాబ్దమునఁ దైమూరు మీర్జా వ్రాసిన బాజ్‌నామాను ఫిలాట్ అను సైనికోద్యోగి 1908లో ఆంగ్లీకరించెను. అందును పసుపుకన్ను పక్షుల సంగతి యొకభాగము, నల్లకన్ను పక్షుల సంగతి యొకభాగము. ఐరోపాలోని డేగవేఁటకాండ్రు కన్నుమాట చెప్పక, పొట్టిరెక్కలవి, పొడవురెక్కలవి యనిరి. మాట వేఱైనను గీఁత పడినచోటు ఒక్కటే.

ఈ గీఁత వారికి కేవలము ముచ్చట కాదు, పొట్టకూటి సంగతి. గులాబికన్ను పక్షిని పిడికిటనుండి వదలవలెను. మన దేశమున శిక్రాను అఱచేతఁ బట్టుకొని పూరేటిమీఁదికి ఈటెవలె విసరువారు. అది తఱిమి పట్టి, పట్టిన యెరను గోళ్లతోఁ బిసికి చంపును. ఎర తప్పినచో సమీపపుఁ జెట్టుమీఁదఁ గూర్చుండును; పిడికిట మాంసము చూపి పిలువవలెను. నల్లకన్ను పక్షికి తలమీఁద తోలుకుళ్లాయి పెట్టి, సమయమునకుఁ దీసి వదలవలెను. అది పైకి లేచి, కొంగమీఁదనో బాతుమీఁదనో పడును. కాళ్లతోఁ బట్టును గాని చంపుట ముక్కుతో. మెడయెముకను గొఱికి విఱిచివేయును. దాని పైముక్కు అంచున నిరుప్రక్కల పంటివంటి మొన యుండుట ఇందుకే. తప్పిపోయినచో ఈకలు కట్టిన యెరబొమ్మను త్రాటితో గిరగిర త్రిప్పి పిలువవలెను. ఒకదాని శిక్షణమును మఱియొకదానికిఁ జేసినవాఁడు పక్షిని బోఁగొట్టుకొనును. ప్రభువు పక్షిని బోఁగొట్టినవాని గతి యేమగునో యూహించుకొనవచ్చును. కావుననే వారి వర్గీకరణమున అజాగ్రత్తకుఁ జోటు లేదు.

పండితులకు సూచనలు లేకపోలేదు. బైరి ముక్కురంధ్రములో నొక చిన్న యెముకబొడిపె కలదు, జాలెడేగకు లేదు. జాలెడేగయు గ్రద్దలును గూడు కట్టును, బైరిజాతులు కట్టవు. అన్నిటికంటె వింతయైనది యీకలు రాల్చు క్రమము. పక్షులు ఏటేటఁ బాతయీకలు రాల్చి కొత్తవి తెచ్చుకొనును. జాలెడేగ రెక్కకొననున్న పెద్దయీకలను లోపలివైపునుండి మొదలుపెట్టి వరుసగా వెలుపలికి రాల్చును. బైరి నడిమి యీకను ముందు రాల్చి, అక్కడినుండి యిరువైపులకుఁ బోవును. ఈ క్రమము మఱి యే పక్షులలోఁ గలదని వెదకినచో చిలుకలలోఁ గలదు! ఎవరైన నిది చూచి, చిలుకకును బైరికిని సంబంధ మున్నదని యన్నచో తోడిపండితులే నవ్వి యుందురు. మేము నవ్వితిమి గదా.

2008వ సంవత్సరమున హాకెట్ అను విదుషియు ఆమె సహచరులును 169 జాతుల పక్షులనుండి 19 జన్యుభాగములను దీసి యక్షరాక్షరముగాఁ బోల్చి చూచిరి. చికాగోలోని ఫీల్డ్ మ్యూజియము వారి పనికి ముఖ్యస్థానము. ఆ పోలికలో డేగలు, గ్రద్దలు, గరుడపక్షులు, రాబందులు ఒకకొమ్మను నిలిచెను. బైరులు ఆ కొమ్మను లేవు. అవి చిలుకలును, పిచ్చుక మొదలైన చిన్నపిట్టలును ఉన్న కొమ్మనఁ గనఁబడెను. చాలమంది నమ్మలేదు. 2014లో 48 పక్షుల జన్యురాశిని సమగ్రముగాఁ జదివి మఱియొక బృందము పరీక్షింపఁగా అదే ఫలము వచ్చెను. అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల సంఘమువారు 2010లో రెంటిని వేఱు గణములు చేసిరి. 2012లో బైరులను దమ పట్టికలో స్థానము మార్చి చిలుకల ప్రక్కను వ్రాసిరి. జాలెడేగకును బైరిడేగకును ఉమ్మడియైన పూర్వపక్షి యెప్పుడో యాఱుకోట్ల సంవత్సరములకు వెనుకటిది. మన పెరటిజామచెట్టుమీఁది చిలుక బైరికి జాలెడేగకంటె దగ్గఱి చుట్టము. లిన్నేయస్ వేఁటపక్షులలోఁ జేర్చినందుకు తరువాతివారు పరిహసించిన లానియస్ పిట్టయు ఈ లెక్కను బైరికి డేగకంటె దగ్గఱిదే. పాప మతఁడు తప్పుకారణమున సగము నిజము వ్రాసియుండెను.

అట్లయిన రెంటికి నింత పోలిక యేల? ఎగురుదానిని బట్టి చీల్చి తినవలెనన్నచో వంకరముక్కు కావలెను, వాడిగోళ్లు కావలెను, దూరపుఁజూపు కావలెను. రెండు వంశములు వేఱువేఱుగా నా పనికిఁ బూనుకొని, వేఱువేఱుగా నా సాధనములను సంపాదించుకొన్నవి. చిలుకల యొక్కయు బైరుల యొక్కయు మూలపురుషుఁడు వేఁటపక్షియే యైయుండవచ్చునని, తరువాతఁ జిలుకలు పండ్లకు మరలినవని 2014నాఁటి బృందము సూచించినది. ఎట్లైనను వృత్తినిఁ జూచి వంశమును నిర్ణయించుటయే యిక్కడి పొరపాటు. మన దేశమున నీ పొరపాటు పక్షులయందే జరిగినదని చెప్పఁజాలము. మనుష్యులయందు దీనిని తలక్రిందుగాఁ జేసి, వంశమునుఁ జూచి వృత్తిని నిర్ణయించితిమి. పక్షులు పట్టువాని కొడుకు వర్గీకరణము చేయఁజాలఁడని మాకు నాఁడు తోఁచుటకుఁ గారణ మదియే గాని, వాని జవాబులోని లోపము గాదు.

ఇక్కడ నొక హెచ్చరిక చేయక తప్పదు. ఈ కథ విని, జన్యుశాస్త్రము మన పూర్వులకుఁ దెలియునని సభలలోఁ జెప్పుటకు ఉత్సాహపడువారుందురు. రుద్రదేవునకు జన్యువులు తెలియవు, తెలియునని యతఁ డనలేదు. కన్ను నియమము అన్నిచోట్లఁ జెల్లదు గూడ. మన వీధులపైఁ దిరుగు గ్రద్ద కన్ను ముదురు గోధుమరంగు, ఇంచుమించు నలుపు. అయినను అది డేగకొమ్మదే. వేఁటకు మచ్చిక చేయు పక్షులలో మాత్రమే ఆ గుఱుతు నమ్మఁదగినది. వేఁటకాండ్రు అంతవఱకే చెప్పిరి. తమ చేతికి వచ్చినంత మేర సరిగాఁ జూచిరి. చూడనిదానిని గూర్చి సిద్ధాంతము చేయలేదు. మేము వారిని మెచ్చుట దీనికే. జన్యుశాస్త్రజ్ఞుల మాటయు నింకను గదలుచున్నది. 2024లో ఆక్సిపిటర్ అను ఇల్లే చీలి, జాలెడేగకు టాకిస్పైజా అను కొత్త యింటిపేరు వచ్చినది. మా పాఠ్యపుస్తకము మార్జినులో మూఁడవమాఱు దిద్దితిమి.

డేగవేఁట యిప్పుడు మన దేశమున లేదు. 1972నాఁటి వన్యప్రాణి సంరక్షణచట్టము తరువాత అడవిపక్షులను బట్టి పెంచుట నేరము. అది మంచిదే, పక్షి స్వేచ్ఛ పోయి ప్రభువు వినోదము నిలువవలెనని మేమెన్నఁడును గోరము. కాని చట్టము రాకముందే ప్రభువులు పోయిరి, పోషణ లేక డేగలవారును బోయిరి. వారికిఁ దెలిసినదానిని వ్రాసికొనుటకు మనలో నొక్కఁడు వెళ్లలేదు. నిఘంటువులు పక్షివిశేషమని యూరకున్నవి.

మొన్న సంక్రాంతికి ఆ బాలుఁడు, ఇప్పుడు బాలుఁడు కాఁడు, పట్టణమున ఆటో నడుపుకొనుచున్నాఁడు, బస్సుకడ మాకుఁ గనఁబడెను. సంగతి యంతయుఁ జెప్పితిమి. వాఁడు శ్రద్ధగా విని, "అయితే ఆ రెండు మార్కులు ఇప్పుడు వేస్తారా, మేష్టారూ?" అనెను. వేసితి మంటిమి. బైరి యిప్పుడు చెఱువుమీఁదికి వచ్చుచున్నదా యని యడిగితిమి. చెఱువు సగము రొయ్యలగుంటలైనదనియు, బాతులు తగ్గెననియు, రెండేండ్ల క్రిందట ఒకదానిని సెల్‌ఫోన్ స్తంభముమీఁదఁ జూచితిననియుఁ జెప్పెను. తరువాతఁ గొంచెము సందేహించి, "మఱి తొండలగద్ద సంగతేంటండీ? అది గాలిలో ఒక్కచోటే నిలబడి రెక్కలాడిస్తుంది, పేరేమో గద్ద. దాని కన్ను కూడా నలుపే గదా" అనెను.

అదియు బైరి యింటిదే, నీవు గీఁత క్రింద సరిగానే వ్రాసితి వని చెప్పితిమి.